ఎర్ర పలుగురాయి స్ఫటికాలు: రంగు లోపలిదో పైదో తేల్చేదెలా, కడిగేదెలా?

గరివిడి_పలుగు:

నమస్తే అండీ. గరివిడి దగ్గర మా బంధువుల పట్టా జీడితోట ఉంది. దుక్కి దున్నినప్పుడు పలుగురాళ్లు (క్వార్ట్జ్) చాలా పైకి తేలాయి. ఎక్కువ భాగం తెల్ల ముద్ద రాయే. అందులోంచి మొన ఉన్నవి ఒక చిన్న బకెట్టుడు ఏరి పెట్టాం. ఆరు పలకలూ, చివర మొనా స్పష్టంగా ఉన్నాయి. పొడవు 2 నుంచి 6 సెంటీమీటర్లు.

రంగు మూడు రకాలుగా ఉంది. కొన్ని రాళ్లు పైనుంచి కింద దాకా ఇటుక ఎరుపు. కొన్ని లోపల తేటగానే ఉండి, మధ్యలో ఎర్ర తెరలు అడ్డంగా దిగినట్టు కనిపిస్తున్నాయి. మరికొన్నిటిలో ముదురు ఎరుపు గింజలు, ఆవగింజంత నుంచి శనగగింజంత వరకూ ఉన్నాయి. చాలా వాటి మీద నల్లటి పొర కూడా పట్టి ఉంది, గోకితే చేతికి అంటుతోంది.

అడగాలనుకున్నవి ఇవి. ఎరుపు రాయిలోనే ఉందా, మన ఎర్రమట్టి పట్టిందా అన్నది రాయిని పగలగొట్టకుండా తేలుతుందా? ఆ గింజలు గార్నెట్లా (ముదురు ఎరుపు రత్నపు రాయి), హెమటైటా (ఎర్రటి ఇనుప ఆక్సైడు ఖనిజం)? నల్ల పొర, మట్టి పోయి ఎరుపు మాత్రం ఉండాలంటే దేంతో కడగాలి? ఇలాంటివి ఇంకా వెతకాలంటే ఎక్కడ వెతకొచ్చు, ఎక్కడ చెయ్యి పెట్టకూడదు?

లూపు (చిన్న భూతద్దం) 10 రెట్లది ఉంది. 0.01 గ్రాము చూపించే చిన్న కాటా కూడా ఉంది.

ఖోండలైటు_కొండ:

మాస్టారూ, ముందుగా ఒక మాట. తేలేదాకా ఒక్క రాయిని కూడా ఆసిడ్‌లో వెయ్యకండి. మంచి నీళ్లు, మెత్తని బ్రష్షు వరకే. ఒకసారి పోయిన ఎరుపు తిరిగి రాదు.

మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో కొండలు ఎక్కువగా ఖోండలైటు. అంటే గార్నెట్, సిల్లిమనైటు, ఫెల్‌స్పార్, పలుగు కలిసిన రాయి. గార్నెట్‌లో ఇనుము ఉంటుంది. రాయి కుళ్లేకొద్దీ ఆ ఇనుము బయటికొచ్చి, వాననీటితో దిగుతూ దొరికిన ప్రతి నెర్రలోనూ తుప్పుగా కూర్చుంటుంది. మన నేలకి ఆ ఎరుపు రావడానికి కారణం కూడా ఇదే. కాబట్టి ఇక్కడ ఎర్రగా కనిపించే పలుగులో ఎక్కువ భాగం, స్ఫటికం పెరగడం అయిపోయిన చాలా కాలానికి పట్టిన మరకే. నిజంగా లోపల హెమటైటు చిక్కుకున్నది తక్కువ. అందుకే ఇంత జాగ్రత్తగా చూడమనడం.

లోపలికి ఎలా చేరుతుందో తెలిస్తే ఏం చూడాలో తెలుస్తుంది. తొర్రలో నిండిన వేడి నీళ్లలో సిలికాతో (పలుగు తయారయ్యే పదార్థం) పాటు ఇనుము కూడా ఉంటే, పెరుగుతున్న పలక మీద హెమటైటు సన్నటి పొడిగా వాలుతుంది. ఆ పైన మళ్లీ సిలికా పేరుకుంటే పొడి లోపలే ఉండిపోతుంది. ఇలా ఆగి ఆగి జరిగితే తేట స్ఫటికం లోపల ఇంకో చిన్న స్ఫటికం ఎర్రటి అంచుతో కనిపిస్తుంది. సేకరణ చేసేవాళ్లు దాన్ని ఫాంటమ్ అంటారు. పొడి మొదటి నుంచీ ఆగకుండా పడితే రాయంతా ఇటుక రంగే. స్పెయిన్‌లో ట్రయాసిక్ కాలపు జిప్సం మట్టి పొరల్లో దొరికే ‘హసింతో దె కాంపొస్తెలా’ స్ఫటికాలు రెండు కొసలా మొనలతో, లోపలిదాకా ఎరుపుతో ఉంటాయి. ఈ రకానికి పేరుపడ్డ ఉదాహరణ అదే.

ఇప్పుడు చూసే పద్ధతి. గాజు గ్లాసులో నీళ్లు పోసి రాయిని ముంచండి. గది చీకటి చేసి ఫోను టార్చి పక్కనుంచి వెయ్యండి. నీళ్లలో పలకల మెరుపు తగ్గి లోపల బాగా కనిపిస్తుంది. లూపుతో నెమ్మదిగా తిప్పుతూ చూడండి.

పైన పట్టిన మరక పలకల మీది గీతల్లో, గుంటల్లో చిక్కగా ఉండి, పైకి పొడుచుకొచ్చిన అంచుల మీద పలచగా ఉంటుంది లేదా అసలుండదు. సూది మొనతో గోకితే లేస్తుంది.

నెర్రల్లో దిగిన ఎరుపు ఎప్పుడూ ఒక రేకులా ఉంటుంది. వంకర తిరిగి ఉంటుంది, దాంట్లో కొమ్మలు చీలినట్టు ముదురు గీతలుంటాయి, పక్కనే ఇంద్రధనుస్సు రంగులు తళుక్కుమంటాయి. ఆ రేకు వెంట చూపు నడిపిస్తే ఎక్కడో ఒకచోట పై పలక దాకా వచ్చి తీరుతుంది. మీరు తెరలు అంటున్నది ఇదేనని నా అనుమానం.

లోపలి హెమటైటు అలా కాదు. తేట పలుగులో దేనికీ అంటకుండా విడివిడిగా తేలుతున్న చుక్కలు, లేదా పలకలకి సమాంతరంగా తిన్నగా పరుచుకున్న పొర. రేణువు కాస్త పెద్దదైతే ఆరు మూలల పలచటి బిళ్లలా ఉంటుంది. టార్చి వెనకనుంచి వేస్తే నెత్తుటి ఎరుపు, ముందునుంచి వేస్తే ఉక్కు మెరుపు. ఒకే బిళ్లలో ఈ రెండూ కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు. హెమటైటు పలచగా ఉంటేనే ఎరుపు, మందం పెరిగితే నలుపు. అందుకే ఒకే రాయిలో ఎర్ర పొడీ, నల్ల బిళ్లలూ రెండూ ఉండొచ్చు.

పైకి వచ్చిన పొర ఏమిటో తెలియాలంటే పింగాణీ కప్పు అడుగున మెరుపు పూత లేని అంచు మీద దాన్ని రుద్దండి. జేగురు రంగు గీత పడితే హెమటైటు, పసుపు గోధుమ అయితే గోథైటు (నీరు కలిసిన ఇనుప తుప్పు), నలుపైతే మీ వైపు చాలావరకు మాంగనీసు. పలుగు రాపిడికి కప్పే గీసుకుపోతుంది కాబట్టి పొరని మాత్రమే తాకించండి.

గింజల సంగతి కాటా తేలుస్తుంది. కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చెయ్యండి. రాయిని సన్న దారంతో కట్టి, గ్లాసు అడుగుకీ గోడకీ తగలకుండా పూర్తిగా ముంచి పట్టుకోండి. కాటా చూపించే గ్రాములే ఆ రాయి ఘనపరిమాణం, మిల్లీలీటర్లలో. పొడి రాయి బరువుని దాంతో భాగించండి. పలుగు 2.65 వస్తుంది. గార్నెట్ ఒంటరి గింజ అయితే 3.6 కంటే ఎక్కువ, ఖోండలైటు గార్నెట్ సాధారణంగా 4 దగ్గర. హెమటైటు 5.26. రాయికి గాలి బుడగలు అంటుకుంటే లెక్క తక్కువ వస్తుంది, కాబట్టి నీళ్లలో చుక్క డిటర్జెంటు వేసి, రాయిని ముందు బ్రష్షుతో తడపండి.

ఇంకోటి. గింజ విడిగా దొరికితే ల్యాప్‌టాప్ ఎల్‌సీడీ తెర తెల్లగా పెట్టి, దాని మీద గింజ ఉంచి, పోలరాయిడ్ కళ్లద్దాల్లోంచి చూడండి. ముందు అద్దాన్ని తిప్పి తెర నల్లబడేలా చేసుకోవాలి. అప్పుడు గింజని తిప్పితే పలుగు వెలుగుతూ ఆరుతూ ఉంటుంది, గార్నెట్ నల్లగానే ఉండిపోతుంది. గాజు కూడా అంతే. పలుగుని సరిగ్గా నిలువు అక్షం వెంట చూస్తే మాత్రం ఈ పరీక్ష పనిచెయ్యదు, రెండు మూడు వైపులనుంచి చూడాలి.

గరివిడి_పలుగు:

చాలా థాంక్సండీ. చెప్పినట్టే తూచాను.

తేటగా ఉన్నది: 26.50 గ్రాములు, నీళ్లలో 10.00. అంటే 2.65.
మొత్తం ఇటుక ఎరుపు ఉన్నది: 31.40, నీళ్లలో 11.70. 2.68 వచ్చింది.
గింజలున్నది: 48.20, నీళ్లలో 16.90. 2.85.
దానిలోంచే ఊడిన గింజ: 1.20, నీళ్లలో 0.30. 4.00.

తెరల రాళ్లలో మీరన్న ఇంద్రధనుస్సు రంగులు ఉన్నాయి, రేకు పలక దాకా వస్తోంది. ఇటుక రంగు రాయిలో మొన దగ్గర తేట భాగంలో చిన్న చుక్కలు విడివిడిగా ఉన్నాయి, వెనకనుంచి టార్చి వేస్తే ఎర్రగా వెలుగుతున్నాయి.

ఖోండలైటు_కొండ:

బాగా కొలిచారు. గింజలు గార్నెట్లే. 0.30 మిల్లీలీటరు దగ్గర కాటా ఒక్క అంకె అటూ ఇటూ అయినా 3.9 నుంచి 4.1 మధ్యే పడుతుంది, అది పలుగు కాలేదు, హెమటైటు కాలేదు.

2.68 చూసి చిన్న తేడా అనుకోకండి. 2.65కీ 5.26కీ మధ్య లెక్క వేస్తే హెమటైటు ఘనపరిమాణంలో ఒకటి, ఒకటిన్నర శాతం. అంత మాత్రం సన్న పొడి చాలు, రాయంతా ఇటుక రంగు రావడానికి. మొన దగ్గర చుక్కలు విడిగా తేలుతున్నాయంటే అవి పెరుగుతున్నప్పుడు చిక్కుకున్నవే. ఆ రాయిని విడిగా, దూదిలో పెట్టండి.

తెరల రాళ్లు నెర్ర మరకలు. అందంగా ఉంటే అలాగే ఉంచుకోండి, కానీ చీటీ మీద ‘లోపలి హెమటైటు’ అని రాయకండి.

జేగురు_గీత:

కడగడం గురించి నేను చెప్తాను. మీ దగ్గర మూడు రకాలున్నాయి కాబట్టి మూడు బకెట్లు పెట్టుకోండి, అన్నీ ఒకేసారి ఒకే నీళ్లలో వేస్తే ఏదో ఒకటి పాడవుతుంది.

మట్టి అందరికీ ముందు పని. 10 లీటర్ల నీళ్లలో గుప్పెడు వాషింగ్ సోడా కలిపి రెండు రోజులు నానబెట్టండి. తర్వాత నైలాన్ టూత్‌బ్రష్షు, సందుల్లోకి చెక్కిన వెదురుపుల్ల. బంకమట్టి మొండిగా ఉంటే పూర్తిగా ఎండనిచ్చి మళ్లీ నానబెట్టండి. ఆరడం, తడవడం రెండు మూడు విడతలు జరిగితే బంక దానంతటదే విచ్చుతుంది. బండ్లు కడిగే వాటర్ సర్వీసింగ్ గన్ను కూడా బాగా పనిచేస్తుంది గాని, రాళ్లని ప్లాస్టిక్ జాలీ బుట్టలో పెట్టి మూత కట్టాలి, లేకపోతే ఎగిరి పలకలు చిట్లుతాయి.

స్టీలు బ్రష్షు, చాకు మొన వద్దు. పలుగు కాఠిన్యం 7, మామూలు స్టీలు అంతకంటే మెత్తన. రాయి గీసుకోదు, లోహమే అరిగి పలకల మీద బూడిద గీతలుగా అంటుకుంటుంది. ఎండలో కాలిన రాయిని చల్లటి నీళ్లలో పడెయ్యడం కూడా వద్దు. లోపలి నెర్రలు ఒక్కసారిగా పెరుగుతాయి. నీడలో గంట చల్లారనివ్వండి.

ఇక ఆక్జాలిక్ ఆసిడ్. మార్బుల్ పాలిష్ సామాను అమ్మేచోట తెల్ల పొడిగా దొరుకుతుంది. లీటరు నీళ్లకి 50 గ్రాములు చాలు. 5 లీటర్ల మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్టులో 4 లీటర్ల నీళ్లు, 200 గ్రాముల పొడి. నీళ్లు ముందు, పొడి తర్వాత. అల్యూమినియం, స్టీలు గిన్నెలు వద్దు. మార్బుల్ నేల మీదా సిమెంటు గచ్చు మీదా ఒలికితే అక్కడ తినేస్తుంది.

బోరు నీళ్లతో ఎప్పుడూ చెయ్యకండి. వాటిలోని కాల్షియంతో ఆక్జాలిక్ కలిసి తెల్లటి కాల్షియం ఆక్సలేటు పొడి పడుతుంది. అది నెర్రల్లోకి దిగితే రాయి పాలిపోయినట్టు కనిపిస్తుంది, మళ్లీ కరిగించడం చాలా కష్టం. డిస్టిల్డ్ వాటర్, వాననీళ్లు, ఆర్‌ఓ నీళ్లు, ఏసీ నుంచి కారే నీళ్లు ఏవైనా సరే.

ముందు నల్ల పొర ఉన్న తెల్ల ముద్ద రాయి ఒకటి వేసి చూడండి. మాంగనీసు పొర అయితే సన్నటి బుడగలు వస్తూ గంటల్లోనే పలచబడుతుంది. ఇనుము మరక నెమ్మది, ఒకటి నుంచి మూడు రోజులు. నీళ్లు లేత పసుపు ఆకుపచ్చకి తిరుగుతాయి. పన్నెండు గంటలకోసారి తీసి చూడండి. నీళ్లు ముదురు రంగుకి వచ్చాక అలాగే వదిలేస్తే కరిగిన ఇనుమే మళ్లీ పసుపు పొడిగా రాయి మీద దిగుతుంది, అది ఐరన్ ఆక్సలేటు. ఎండలో పెడితే త్వరగా తెల్లబడుతుందని కొందరు చెప్తారు. వేడికి పని వేగం పెరగడం నిజమే, కానీ వెలుతురు తగిలితే ఈ పసుపు పొడి మరింత త్వరగా పడుతుంది. ముదురు రంగు బకెట్టు, మూత, నీడ. పొయ్యి మీద కాయడం అసలే వద్దు, ఆ ఆవిరి ఊపిరితిత్తులకి ప్రమాదం.

మీ రకాల వారీగా: గార్నెట్ ఉన్న రాళ్లు వెయ్యొచ్చు, ఈ బలంలో గార్నెట్‌కి ఏమీ కాదు. ఇటుక ఎరుపు రాయిని నల్ల పొర పోయేంతవరకే, ఆరేడు గంటలు దాటకుండా. లోపలి హెమటైటుకి చుట్టూ పలుగు గోడ ఉంది, ఆసిడ్ అందదు. కానీ రాయికి విరిగిన అడుగు ఉంటే అక్కడ పొడి బయటికి తెరిచి ఉంటుంది, ఆ అంచు పాలిపోతుంది. అడుగు భాగం నీళ్లకి పైన ఉండేలా దారంతో వేలాడదీయండి. తెరల రాళ్లని మాత్రం అస్సలు వెయ్యకండి. ఆసిడ్ నెర్ర వెంట దిగి బయటి అంచుని తెల్లగా చేసి, లోపలికి పూర్తిగా చేరలేక ఆగిపోతుంది. మధ్యలో చిందరవందరగా ఎర్ర మచ్చ మిగిలిన రాయి ఏ గూట్లోనూ పెట్టడానికి పనికిరాదు.

తీశాక ఆసిడ్‌లో ఎన్ని గంటలుందో కనీసం అన్ని గంటలు మంచి నీళ్లలో, నీళ్లు రెండు మూడుసార్లు మారుస్తూ ఉంచండి. ఇవి కూడా బోరు నీళ్లు కాకూడదు. చివరిసారి లీటరుకి ఒక చెంచా తినే సోడా.

రబ్బరు గ్లవ్స్, కళ్లద్దాలు, పొడి కలిపేటప్పుడు మాస్కు తప్పనిసరి. ఇది కడుపులోకి వెళితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. పిల్లలు, పశువులు, కోళ్లు తిరిగేచోట బకెట్టు ఉంచకండి. వాడిన నీళ్లలో గుల్ల సున్నం నీళ్లు పోస్తూ కలిపితే తెల్ల మడ్డి అడుగున దిగుతుంది. నీలం లిట్మస్ కాగితం ఎర్రబడడం ఆగేదాకా పొయ్యండి. తినే సోడా వేస్తే పులుపు పోతుంది గాని విషం నీళ్లలోనే ఉంటుంది, సున్నంతో అయితే గట్టి మడ్డిగా విడిపోతుంది. ఆ మడ్డిని బావికి, చెరువుకి దూరంగా పూడ్చండి.

బాత్రూం ఆసిడ్ వాడేవాళ్లున్నారు. అది హైడ్రోక్లోరిక్. పొగలు, చర్మం కాలడం ఒకవైపు. పైగా అది నెర్రల్లో ఇరుక్కుని వారాల తర్వాత పసుపు మరకగా బయటికొస్తుంది. పొరపాటున బ్లీచింగ్‌తో కలిస్తే క్లోరిన్ గాలి పుడుతుంది. రాళ్ల పనికి ఆ సీసా తెరవాల్సిన అవసరమే లేదు.

టెక్కలి_నీలం:

కొన్ని చోట్ల లీటరుకి 100 గ్రాములు, ఇంకా ఎక్కువ కూడా రాస్తున్నారు కదండీ. 50తో సరిపోతుందా? ఇంకో ప్రశ్న: పసుపు రంగు పలుగుని కాలిస్తే ఎరుపు వస్తుందంటారు, నిజమేనా?

జేగురు_గీత:

సరిపోతుందండీ. చిక్కగా చేస్తే పని కాస్త త్వరగా అవుతుంది, కడగడం మాత్రం రెండింతలు. చలికాలం రాత్రి నీళ్లు చల్లబడితే ఎక్కువైన పొడి మళ్లీ సూదుల్లా గడ్డకట్టి పలకలకి పట్టుకుంటుంది. నల్ల పొర మరీ మందంగా ఉంటే ఒక చిక్కటి విడత కంటే 50 గ్రాముల విడతలు రెండు వెయ్యడం మంచిది.

కాల్చడం: రంగు మారడం నిజం. పసుపు గోథైటులో నీరు ఉంటుంది, సుమారు 300 డిగ్రీల దగ్గర ఆ నీరు పోయి హెమటైటుగా మారుతుంది. కానీ స్ఫటికంలో చిన్న చిన్న నీటి బుడగలు చిక్కుకుని ఉంటాయి, ఆ వేడికి అవి ఉబ్బి రాయిని లోపలినుంచి చిట్లగొడతాయి. 573 డిగ్రీలు దాటితే పలుగు నిర్మాణమే మారుతుంది, అక్కడ ఒక్కసారిగా వ్యాకోచించి పగుళ్లు పడతాయి. కాల్చిన రాయిని సహజ ఎరుపుగా అమ్మడం, మార్చుకోవడం సేకరణదారుల్లో మోసం కిందే లెక్క. చీటీ మీద కాల్చినది అని రాయలేనప్పుడు కాల్చకండి.

నాగావళి_ఇసుక:

వెతకడం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. కొంచెం పెద్దదవుతుంది.

చెయ్యి పెట్టకూడనివి ముందు. నడుస్తున్న గనిలోకి, క్వారీలోకి యాజమాన్యం అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. గరివిడి, చీపురుపల్లి, గర్భాం చుట్టుపక్కల పాత మాంగనీసు గోతులున్నాయి. వాటిలో నీళ్లు నిండి, అంచులు లోపలికి తొలిచినట్టు ఉంటాయి. పైనుంచి చూస్తే గట్టిగా కనిపించే గట్టు కింద ఏమీ ఉండదు. రాళ్ల కోసం వాటి అంచుకి వెళ్లొద్దు. రిజర్వు ఫారెస్టులోంచి రాయి తీసుకురావడం అటవీ చట్టం కింద నేరం, చిన్నదైనా సరే. పట్టా భూమిలో రైతుని అడిగి ఏరుకోవచ్చు, తవ్వితే గొయ్యి పూడ్చాలి. పశువు కాలు విరిగితే ఆ ఊళ్లో మళ్లీ ఎవరినీ రానివ్వరు. ఏరుకుని దాచుకోవడం వేరు, తవ్వి అమ్మడం వేరు. క్వార్ట్జ్‌ని 2015లో చిన్న తరహా ఖనిజాల్లో కలిపారు, 2025 ఫిబ్రవరిలో కేంద్రం మళ్లీ పెద్ద ఖనిజాల్లోకి మార్చింది. వ్యాపారంగా తియ్యాలంటే లీజు కావాల్సిందే, గనుల శాఖ ఆఫీసులో అడిగాకే అడుగు వెయ్యండి.

భావనపాడు, కళింగపట్నం ఒడ్డున ఇసుకలో ఎర్ర, నల్ల చారలు చూసి కొందరు సంచులు నింపుతారు. ఆ ఎరుపు గార్నెట్, నలుపు ఇల్మనైటు. మోనజైటు అనే ఖనిజం కూడా కలిసి ఉంటుంది, అందులో రేడియోధార్మిక థోరియం ఉంది, అది అణుశక్తి చట్టం పరిధిలోది. అక్కడ ఎర్ర పలుగు మొనలు దొరకవు, ఇసుక ముట్టుకోవద్దు.

ఎక్కడ చూడాలంటే, దున్నిన జీడి, మామిడి తోటలు, కొత్తగా కోసిన రోడ్డు పక్క గట్లు, కాలవ తవ్విన మట్టి కుప్పలు. బయల్దేరే ముందు జియలాజికల్ సర్వే వాళ్ల భూకోశ్ పోర్టల్‌లో ఆ ప్రాంతం మ్యాపు ఉచితంగా చూడొచ్చు. పలుగు పట్టీలు (వేరే రాయి నెర్రల్లో పలుగు నిండిన చారలు), పెగ్మటైట్లు (పెద్ద పెద్ద స్ఫటికాలున్న రాయి) గుర్తించిన చోట్లు ముందే తెలిస్తే సగం నడక తప్పుతుంది.

నేల మీద తెల్ల ముక్కలు కనిపిస్తే పల్లానికి కాదు, ఎగువకి నడవండి. పైకి వెళ్లేకొద్దీ ముక్కలు పెద్దవై, అంచులు పదునెక్కి, ఒకచోట ఠక్కున ఆగిపోతాయి. పట్టీ ఆ దగ్గర్లోనే ఉంటుంది. ముద్ద పలుగు ఎంత ఉన్నా స్ఫటికం ఉండదు. పెరగడానికి ఖాళీ ఉన్న తొర్ర కావాలి. పట్టీ రెండు గోడల నుంచి మధ్యకి పళ్లు పెట్టినట్టు మొనలు పెరిగిన ముక్క దొరికితే ఆ పట్టీని వదలకండి. దాని నడిమి గీత వెంట ఎర్ర బంకమట్టి మెత్తగా తగిలే చోట తొర్ర ఉంటుంది.

తొర్రలో సుత్తి పెట్టకూడదు. మట్టిని వెదురు కర్రతో, చేత్తో కొద్దికొద్దిగా తీసి, తీసిన మట్టంతా 5 మిల్లీమీటర్ల జల్లెడలో పొయ్యండి. గోడ నుంచి ఊడిన మొనలు మట్టిలోనే పడుకుని ఉంటాయి, అవే చాలాసార్లు అన్నిటికంటే బాగుంటాయి. గోడకి అంటుకున్నవి కావాలంటే మొన నుంచి జానెడు దూరంలో, వెనక రాయి మీద ఉలి పెట్టండి. స్ఫటికం మొదట్లో పెడితే మొన విరిగి ఎగురుతుంది. ఒక్కో మొననీ వేరువేరుగా న్యూస్‌పేపరులో చుట్టండి. పలుగు పలుగుని గీస్తుంది, ఒకే సంచిలో పోస్తే ఇంటికి చేరేలోపు అంచులన్నీ చిట్లుతాయి.

సుత్తి పట్టినప్పుడు కళ్లద్దాలు లేకుండా వద్దు, పలుగు చిప్ప బ్లేడులా కోస్తుంది. దుమ్ము సంగతి ఇంకా ముఖ్యం. పలుగు దుమ్ము సిలికా, అదే సిలికోసిస్ తెస్తుంది, ఆ జబ్బుకి తిరుగు మందు లేదు. కొట్టేచోట నీళ్లు చల్లండి, ఎన్95 మాస్కు పెట్టుకోండి, ఇంట్లో గ్రైండరుతో పొడిగా కోయడం మానండి. ఎర్రమట్టి గట్టు కింద దూరి తవ్వొద్దు, నడుం లోతు దాటొద్దు. రాయి తిప్పేటప్పుడు అవతలి అంచు ముందు లేచేలా గునపంతో మీ వైపుకి తిప్పండి, అప్పుడు మీకు రాయే అడ్డుగా ఉంటుంది. తేళ్లు, రక్తపింజరలు వాటి కిందే ఉంటాయి.

సమయం: అక్టోబరు, నవంబరు వానలు కడిగాక. తెల్లారి గానీ, సాయంత్రం నాలుగు దాటాక గానీ, సూర్యుడికి ఎదురుగా నడవండి. వాలు వెలుతురుకి పలకలు తళుక్కుమని వాటంతట అవే కనిపిస్తాయి. మిట్టమధ్యాహ్నం ఏ రాయీ మెరవదు.

టెక్కలి_నీలం:

కొనేవాటి మాట? ఆన్‌లైన్‌లో ఎర్ర క్వార్ట్జ్ అని చాలా అమ్ముతున్నారు.

ఖోండలైటు_కొండ:

‘చెర్రీ క్వార్ట్జ్’ పేరుతో వచ్చేది ఎక్కువగా గాజు. లూపులో గుండ్రటి బుడగలు, పాకంలా మెలితిరిగిన రంగు కనిపిస్తాయి, నిజమైన పలుగు దాన్ని గీస్తుంది. రెండోది వేడి చేసి చల్లటి నీళ్లలో ముంచి పగుళ్లు తెప్పించి, అందులోకి రంగు ఎక్కించినది. రంగంతా వలలా పగుళ్లలోనే ఉంటుంది, మధ్య భాగాలు తెల్లగా ఉంటాయి. దూదిని అసిటోన్‌లో ముంచి రుద్దితే చాలాసార్లు రంగు దిగుతుంది. హెమటైటు అసిటోన్‌కి దిగదు. గులాబీ పలుగు వేరే సరుకు, దాని రంగు సన్నటి నారల వంటి మరో ఖనిజం వల్ల వస్తుంది, హెమటైటు వల్ల కాదు.

గరివిడి గారూ, మీ బకెట్టు గురించి ఇంకొక్కటి. రాళ్లు ఆరగానే అంకెలు వెయ్యండి. అడుగున కనిపించనిచోట తెల్ల పెయింటు చుక్క, ఆరాక నల్ల ఇండియన్ ఇంకుతో అంకె, పైన రంగులేని నెయిల్ పాలిష్. పుస్తకంలో ఆ అంకె ఎదురుగా తోట ఉన్న ఊరు, మండలం, ఫోనులో చూపించే అక్షాంశ రేఖాంశాలు, తేదీ, దుక్కిలో దొరికిందా పట్టీలో దొరికిందా, పక్క రాయి ఏమిటి, మీరు తూచిన లెక్క, ఆసిడ్‌లో వేశారా లేదా. దొరికిన చోటు తెలియని మొన ఎంత ఎర్రగా ఉన్నా రేపు ఎవరూ దాని మీద పని చెయ్యలేరు. హెమటైటు ఎరుపు ఎండకి వెలవదు, కిటికీ పక్క గూట్లో పెట్టుకోవచ్చు. ఊదా రంగు అమెథిస్టు మాత్రం అదే గూట్లో పెట్టకండి, అది నెలల తరబడి ఎండ తగిలితే పాలిపోతుంది.